క్యాలెండరు అట్ట చాటున పుస్తకం

జూన్ నెలలో బడిపిల్లలున్న ఇళ్లలో పాత క్యాలెండర్లకు గిరాకీ పెరుగుతుంది. బొమ్మ లోపలికి, తెల్లవైపు పైకి వచ్చేలా మడిచి పుస్తకాలకు అట్టలు వేస్తారు. అదే పని ఒక పెద్దమనిషి, అదీ గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకానికి చేస్తున్నారంటే కారణం వేరే ఉంటుంది. పుస్తకం నలుగుతుందని కాదు, దాని పేరు ఎవరి కంటనైనా పడుతుందని.

పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్లే ఒక స్త్రీని ఊహించుకుందాం. పదేళ్లకు పైగా ఒక ఆధ్యాత్మిక బృందంలో ఉండి, ఏడాది క్రితం బయటికి వచ్చింది. తోటికోడలు ఇంకా అందులోనే ఉంది. పనిమీద శ్రీకాకుళం వెళ్లినప్పుడు గ్రంథాలయంలో ఒక పుస్తకం తీసుకుంది, అట్ట వేసింది, తిరుగు బస్సులో తెరిచింది. నరసన్నపేట దాటినా మొదటి పేజీ తిరగలేదు. టెక్కలిలో తెలిసిన ముఖం బస్సెక్కగానే పుస్తకం సంచిలో కూరగాయల కిందికి వెళ్లిపోయింది. ఆమెను నిలదీసే పెద్దలు ఇప్పుడు లేరు. సంజాయిషీ చెప్పుకోవలసిన సభ లేదు. మరి ఎవరి నుంచి దాచినట్టు?

ఇలాంటి బృందాలు ఏ ఒక్క మతానికో పరిమితం కావు. స్వామివారి పేరుతో ఉన్నవీ ఉన్నాయి, ప్రార్థన పేరుతో ఉన్నవీ ఉన్నాయి, ధ్యానం పేరుతో దేవుడి ఊసే లేకుండా నడిచేవీ ఉన్నాయి. భక్తి గట్టిగా ఉన్న ప్రతిచోటా కట్టడి ఉంటుందని అనుకోవడం కూడా తప్పే. తేడా పట్టుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. సందేహం అడిగిన మనిషిని మరుసటి వారం కూడా మునుపటిలాగే పలకరిస్తారా? పలకరిస్తే అది భక్తబృందం. పలకరింపు తగ్గి, పక్కన కూర్చునేవాళ్లు కాస్త జరిగి కూర్చుంటే, అక్కడ చదువు మీద కూడా కాపలా ఉందన్నమాట.

ఆ కాపలా రాతపూర్వకంగా ఉండటం అరుదు. రోమన్ కాథలిక్ చర్చి 1559లో నిషిద్ధ గ్రంథాల జాబితా ప్రకటించి, నాలుగు శతాబ్దాల పాటు దాన్ని సవరించుకుంటూ వచ్చి, 1966లో రద్దు చేసింది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న వాదాన్ని చర్చకు పెట్టిన గెలీలియో పుస్తకం 1633 నుంచి 19వ శతాబ్దం దాకా అందులోనే ఉంది. ఆ జాబితాలో ఎంత అన్యాయం ఉన్నా ఒక సౌలభ్యం ఉంది: ఏది నిషిద్ధమో తెలుస్తుంది, కాబట్టి ఏది కాదో కూడా తెలుస్తుంది. నేటి చిన్న బృందాలకు జాబితా అవసరం లేదు. ‘అవి లోకసంబంధమైనవి’, ‘అది గురునింద’, ‘విషం కొంచెమైనా విషమే’, ‘అంత తెలివి మనకెందుకు’ లాంటి నాలుగు మాటలు చాలు. హద్దు ఎక్కడుందో ఎవరూ గీసి చూపించరు గనుక సభ్యులు తమంతట తామే హద్దుకు ఇంకా పది అడుగుల ఇవతల ఆగిపోతారు. వార్తాపత్రిక ఆదివారం అనుబంధం కూడా అనుమానాస్పదమవుతుంది.

రాబర్ట్ లిఫ్టన్ అనే అమెరికన్ మనోవైద్యుడు 1961లో, ఆలోచనలను మూసలో పోసే వ్యవస్థలకు ఉండే ఎనిమిది లక్షణాలను వివరించాడు. వాటిలో మొదటిది మనిషికి చేరే సమాచారాన్ని అదుపులో పెట్టుకోవడం. బయటి మాట లోపలికి రాకుండా చూడటం అందులో సగమే. మనిషి తనతో తాను మాట్లాడుకునే మాట మీద కూడా అదుపు సంపాదించడం మిగతా సగం. ఆయన గుర్తించిన మరో లక్షణం, ఆలోచన మొదలయ్యేలోపే దాన్ని ముగించేసే పడికట్టు మాటలు. పై నాలుగు మాటలూ అలాంటివే. సందేహం తలెత్తగానే దానికి ‘అహంకారం’ అనో ‘శోధన’ (పాపంలోకి లాగే పరీక్ష) అనో పేరు పెట్టేస్తే ఇక దాన్ని పరిశీలించే పని ఉండదు. బృందం వదిలేసినా ఆ పేర్లు వదలవు. బస్సులో పుస్తకాన్ని సంచిలోకి తోసింది అవే.

ఉత్తరాంధ్రకు నిషేధం కొత్త కాదు. నరసన్నపేట ప్రాంతంలో పుట్టిన గరిమెళ్ళ సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’ పాట రాసినందుకు 1920లలో జైలుకు వెళ్లాడు. ప్రభుత్వం ఆ పాటను అణచాలనుకుంది, జనం పాడుకున్నారు. పాడినందుకు లాఠీ దెబ్బ తిన్నవాళ్లు ఉండవచ్చు గానీ, పాప భయంతో రాత్రి నిద్రపట్టనివాళ్లు ఉండి ఉండరు. ప్రభుత్వ నిషేధంలో పోలీసు గుమ్మం బయట ఉంటాడు, ఇంట్లోవాళ్లు మన పక్షాన ఉంటారు. బృందం విధించే నిషేధంలో ఇంట్లోవాళ్లే కాపలాదారులు, వాళ్లకన్నా ముందు మన మనసే కాపలాదారు. అందుకే మొదటిది తెగువను పెంచితే రెండోది సిగ్గును పెంచుతుంది.

ఇంకొక పాత కథ కూడా ఈ నేలకు చెందినదే. వేదం ఎవరు వినాలి, ఎవరు వినకూడదు అన్న కట్టుబాటు శతాబ్దాలపాటు ఎంత కఠినంగా నడిచిందో చెప్పనక్కరలేదు. అలాంటి ఋగ్వేదం సాయణుడి వ్యాఖ్యానంతో సహా జర్మన్ పండితుడు మాక్స్‌ముల్లర్ సంపాదకత్వంలో 1890–92 మధ్య రెండోసారి అచ్చయినప్పుడు, ఖర్చు భరించింది విజయనగరం మహారాజు ఆనంద గజపతి. అచ్చయిన పుస్తకానికి చదివేవాడి పుట్టుక తెలియదు. మహారాజు ఉద్దేశం ఏదైనా, పుట్టుకతో అర్హత ఉన్నవాళ్లే చదవాలన్న నియమానికి అచ్చుయంత్రం గండికొట్టింది. గోపురమెక్కి తిరుమంత్రాన్ని అందరికీ వినిపించిన రామానుజుల కథ విననివారు మనలో తక్కువ. నిషేధించినవి ఎప్పుడూ నాస్తికుల పుస్తకాలే కానక్కరలేదు. సొంత గ్రంథాన్ని సొంతంగా, మధ్యవర్తి లేకుండా చదవడమే చాలాచోట్ల అసలు నిషిద్ధ కార్యం. పలాస స్త్రీ అట్ట వేసుకున్నది తన మత గ్రంథానికే వేరెవరో చేసిన అనువాదమైనా ఆశ్చర్యం లేదు.

చిన్న ఊళ్లలో ఈ భయం ఎక్కువ కాలం నిలవడానికి మనస్తత్వంతో సంబంధం లేని కారణం ఒకటుంది. పెద్ద నగరంలో బృందం వదిలేస్తే ఒక సాయంత్రం ఖాళీ అవుతుంది. పలాస, బొబ్బిలి, పాలకొండ లాంటి చోట బృందమే ఆసుపత్రికి తోడొచ్చేది, పెళ్లి సంబంధం చూసేది, చేబదులు ఇచ్చేది, వలస వెళ్లిన భర్త డబ్బు పంపడం ఆలస్యమైతే బియ్యం సర్దేది. ఆ సాయం నిజమైనది, అందులో ప్రేమ కూడా నిజమైనదే. దాన్ని కుట్రగా కొట్టిపారేసే విమర్శకులకు ఈ ఊళ్ల బతుకు తెలియదనుకోవాలి. కాని ఆ సాయానికి షరతు ఉందన్న సంగతి, షరతు తప్పినప్పుడే తెలుస్తుంది. పుస్తకం చేతిలో కనపడటమంటే ‘ఇక తిరిగి రాను’ అని నలుగురిలో చెప్పడం. తిరిగి వెళ్లే దారి మూసేసుకునే ధైర్యం అందరికీ ఒకేసారి రాదు. అట్ట వేయడాన్ని పిరికితనం అనడానికి లేదు. అది గడువు కోరడం.

ఇక చదవడం విషయానికి వస్తే, మొదట వచ్చేది ఆనందం కాదు. మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దని వైద్యుడు చెబితే రోగికి గిన్నె ఎత్తినప్పుడల్లా కోతే కనపడిందన్న కథ మన పెద్దలు చెప్పేదే. దీన్నే 1987లో డేనియల్ వెగ్నర్ అనే పరిశోధకుడు, తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని విద్యార్థులకు చెప్పి, ప్రయోగంలో చూపించాడు. వద్దన్న ఆలోచనే పదేపదే తలుపు తట్టింది. నిషిద్ధ పుస్తకం తెరిచిన పాఠకులకు అక్షరాల వెనుక హెచ్చరికలు వినపడుతూనే ఉంటాయి. ఒక పేరా చదవడానికి పావుగంట పడుతుంది. ఆ రాత్రి పిల్లవాడికి జ్వరం వస్తే మనసు వెంటనే ముడి వేస్తుంది. పుస్తకం ముట్టని రాత్రుల్లో ఎన్నిసార్లు జ్వరం వచ్చిందో ఎవరూ లెక్కపెట్టరు. ఈ భయాన్ని వాదన పోగొట్టలేదు. మళ్లీ తెరవడం, మళ్లీ ఏమీ కాకపోవడం, ఆ అనుభవం పదిసార్లు పోగుపడటం, ఇంతే దారి. చీకటి గదిలోకి పిల్లవాడు వెళ్లి రావడం నేర్చుకున్నట్టే.

భయం కన్నా మొండిది చదివే అలవాటు. కట్టడి ఉన్న బృందాల్లో చదువు తక్కువేమీ కాదు. వారానికి ఇన్ని పేజీలని క్రమం తప్పకుండా చదివించేవీ ఉన్నాయి. కానీ ఆ చదువుకు రెండే పద్ధతులు. సొంత పుస్తకమైతే పెన్సిల్ పట్టుకుని జవాబు ఎక్కడుందో వెతికి గీత గీయాలి. ప్రశ్న ముందే అచ్చయి ఉంటుంది, జవాబు కింది పేరాలో ఉంటుంది, రెండింటి మధ్య పాఠకుడికి చోటుండదు. బయటి పుస్తకమైతే ఒక తప్పు పట్టుకోవాలి, పట్టుకోగానే మూసేయాలి. ఒక తేదీ తప్పుగా పడిందా, పుస్తకమంతా అబద్ధమే. బయటికి వచ్చినవాళ్లు ఈ రెండు పనిముట్లతోనే కొత్త పుస్తకాల మీద పడతారు. వేరే పనిముట్టు వాళ్ల చేతికి ఎవరూ ఇవ్వలేదు మరి.

ఏం చదువుతారన్నది కూడా చాలావరకు ఊహించదగినదే. మొదట చేతికి వచ్చేవి ఆ బృందం మీదో అలాంటి బృందాల మీదో వచ్చిన విమర్శలు, బయటపడ్డవాళ్ల స్వీయకథలు. వాటివల్ల ఒక పెద్ద మేలు ఉంది: తనకు జరిగినదానికి పేరుందని, తాను ఒంటరి కాదని తెలుస్తుంది. అంతకుమించి ఆశించడం అత్యాశ. మూడో పుస్తకానికల్లా అదే కోపం, అవే సంఘటనలు, పేర్లు మాత్రం వేరు. ఫోనులో దొరికే వీడియోలైతే మరీను. ఒకటి చూస్తే అలాంటివే ఇరవై వరుసకట్టి వస్తాయి, తెల్లవారేసరికి కళ్లు మండటం తప్ప కొత్తగా తెలిసింది ఉండదు.

విమర్శకుల పుస్తకాల కన్నా లోతుగా పని చేసేవి బృందం సొంత పాత ప్రచురణలు. ఈ మాట మొదట వింతగా తోస్తుంది. విమర్శ శత్రువు రాసింది కాబట్టి తోసిపుచ్చడానికి మనసు ముందే సిద్ధంగా ఉంటుంది. ముప్పై ఏళ్ల కిందట తమ పెద్దలే రాసి, తమ అమ్మమ్మే చందా కట్టి తెప్పించుకున్న పత్రికను ఎలా తోసిపుచ్చడం? అటక మీది ట్రంకు పెట్టెలో పాత సంచిక దొరుకుతుంది. కాగితం పసుపు రంగుకు తిరిగి, మడతల దగ్గర విరిగిపోతుంటుంది. పక్కన అదే వ్యాసం కొత్త ముద్రణ పెట్టి వేలు పెట్టి వరుసగా చదువుతూ పోతే, నాలుగో పేరాలో ‘ఈ తరం గతించకముందే అంతం వస్తుంది’ లాంటి ఒక జోస్యపు వాక్యం పాతదాంట్లో ఉంటుంది, కొత్తదాంట్లో ఉండదు. మార్చినట్టు ఎక్కడా చెప్పి ఉండరు. ముందు వాక్యం, వెనుక వాక్యం చక్కగా అతికి ఉంటాయి. ఆ అతుకు చూసిన మనిషికి ఇక ఏ విమర్శకుడి వ్యాఖ్యానమూ అక్కరలేదు.

తప్పిన జోస్యం దగ్గర ఇది మరింత స్పష్టంగా కనపడుతుంది. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న క్రీస్తు తిరిగివస్తాడని నమ్మారు. ఆ రోజు గడిచిపోయింది. కొందరు ఇంటిదారి పట్టారు, మరికొందరు లెక్క సరైనదే గానీ దాని అర్థం వేరని చెప్పుకుని కొత్త శాఖలుగా కొనసాగారు. 1954 డిసెంబరు 21న మహాప్రళయం వస్తుందని నమ్మిన ఒక చిన్న బృందంలోకి లియాన్ ఫెస్టింజర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో రహస్యంగా చేరి గమనించాడు. ప్రళయం రాలేదు. అంతకుముందు పత్రికలవాళ్లను దగ్గరికి రానివ్వని ఆ బృందం, జోస్యం తప్పాక తానే పత్రికలకు ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. తమ విశ్వాసమే లోకాన్ని కాపాడిందని చాటింది. నమ్మకం కోసం ఇల్లూ ఉద్యోగమూ వదులుకున్న మనిషికి, నమ్మకం వదులుకోవడం కన్నా వాస్తవాన్ని సర్దుకోవడమే తేలిక. ఈ సంగతి తెలిసిన పాఠకులకు ఇంకో లాభం ఉంది. ఇంకా లోపలే ఉన్న తోటికోడలిని మూర్ఖురాలు అనుకోవడం మానేస్తారు. ఏడాది కిందటిదాకా తానూ అంత తెలివిగానే సర్దుకుందని గుర్తొస్తుంది.

అసలు ప్రమాదం పుస్తకాలు దొరకడం మొదలయ్యాక వస్తుంది. పాత గ్రంథాన్ని చదివినట్టే కొత్త గ్రంథాన్ని చదవడం, పాత గురువు మాటను ఉటంకించినట్టే కొత్త రచయిత మాటను ఉటంకించడం. నిన్నటిదాకా ‘మా అయ్యగారు చెప్పారు’ అన్న నోరు ఇవాళ ఒక హేతువాది పేరో, ఒక విప్లవకారుడి పేరో, ఒక వ్యక్తిత్వ వికాస వక్త పేరో అదే స్వరంతో పలుకుతుంది. వ్యతిరేకించినవాళ్లు అప్పుడు పాపులు, ఇప్పుడు అజ్ఞానులు. బయటపడటం కొత్త చోట చేరడంగా మారితే నష్టమేమీ లేదని వాదించేవాళ్లూ ఉన్నారు, కనీసం చోటు మారింది కదా అని. ఆ వాదనలో పస లేదు. మారాల్సింది పుస్తకం పేరు కాదు. నచ్చని పుస్తకాన్ని సగంలో ఆపేయగలగడం, నచ్చిన రచయితతో నలభయ్యో పేజీలో విభేదించి నలభై ఒకటో పేజీ కూడా చదవగలగడం. ఒక తప్పుతో పుస్తకమంతా కూలిపోదని తెలియడం. చూడటానికి చిన్న విషయాలే, కాని ఎవరైనా ఒక రోజులో నేర్చుకోగలిగినవి కావు.

ఈ విద్య నేర్పడంలో వాదగ్రంథాల కన్నా కథలు ముందుంటాయి. వాదగ్రంథం ఒప్పుకోమంటుంది, కథ ఒప్పుకోమనదు, కూర్చోమంటుంది. దొంగ మీద జాలి కలగవచ్చు, మంచివాడి మీద చిరాకు కలగవచ్చు, రెండింటికీ శిక్ష లేదు. అన్నిటికీ ఒకే జవాబు అలవాటైన మనసుకు ఇది కొత్త గాలి. ఆ విషయంలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు అదృష్టవంతులు. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయంలో తెలుగు కథలూ, అవి అచ్చయిన పత్రికలూ పోగుపడి ఉన్నాయి. చాసో (చాగంటి సోమయాజులు) కథలు పుట్టింది విజయనగరంలో. 1892లో విజయనగరంలోనే తొలిసారి ప్రదర్శించిన గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’లో గిరీశం ఉన్నాడు. ఎవరు ఏ మాటకు పడిపోతారో కనిపెట్టి, చుట్ట కాలుస్తూ, ఆ మాటే అంటాడు. మాటలతో మనుషులను కట్టిపడేసేవాడి పనితనాన్ని ఇంత దగ్గరగా చూపించిన పాఠ్యపుస్తకం మనస్తత్వశాస్త్రంలో దొరకడం కష్టం. పైగా నవ్వొస్తుంది. గంభీర ముఖాల మధ్య పదేళ్లు గడిపినవాళ్లకు ఆ నవ్వు అవసరం.

చట్టం సంగతి రెండు మాటల్లో చెప్పవచ్చు. ఒక పుస్తకాన్ని జప్తు చేయించే అధికారం ప్రభుత్వానికి మాత్రమే ఉంది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే నేర విచారణ చట్టం ప్రకారం కారణాలు చెప్పి ప్రకటన ఇవ్వాలి, దాన్ని రెండు నెలల్లోపు హైకోర్టులో సవాలు చేయవచ్చు. ఏ పీఠానికీ, ఏ సంఘానికీ, ఏ కులపెద్దకూ ఆ అధికారం లేదు. రాజ్యాంగంలోని 25వ అధికరణం మొదట చెప్పేది అంతరాత్మ స్వేచ్ఛ గురించి, ఆ తరువాతే మతప్రచారం గురించి. అయితే వెలివేత దగ్గర చట్టం అంత సాయంగా లేదు. వెలిని నిషేధిస్తూ 1949లో బొంబాయి రాష్ట్రం చేసిన చట్టాన్ని, మత కారణాలతో వెలివేయడం ఆ సమాజం హక్కులో భాగమంటూ సుప్రీంకోర్టు 1962లో కొట్టివేసింది. అదీకాక, పెళ్లిపిలుపు రాకపోవడానికి ఏ కోర్టులో కేసు వేస్తారు?

గ్రంథాలయాల దగ్గర ఒక చమత్కారం ఉంది. ఆస్తిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు కూడా వసూలవుతుంది. ‘విషం’ అని తేల్చిన పుస్తకం కొనుగోలుకు, తెలియకుండానే, ఆ బృందం పెద్దలు కూడా తమ ఇంటిపన్నుతో చందా ఇచ్చినవాళ్లే.

కొత్త పుస్తకాలు వచ్చాక పాతవాటిని ఏం చేయాలన్నది అన్నిటికన్నా చివర తేలే ప్రశ్న. కోపంలో తగలబెట్టేవాళ్లు కొందరున్నా, తగలబెట్టడం ఎవరి పద్ధతో గుర్తొచ్చి ఆగిపోయేవాళ్లే ఎక్కువ. పాతపేపర్ల కొట్టుకు వేయాలంటే చేతులు రావు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇళ్లలో పెరిగినవాళ్లు వీళ్లంతా. ఆ అలవాటు పుస్తకంలో ఏముందని అడగదు. అట్ట వేసిన పుస్తకానికి కాలు తగిలినా చేయి అలాగే కళ్ల దగ్గరికి వెళుతుంది, ఆ తరువాత గానీ అది ఏ పుస్తకమో తట్టదు. అందుకని పాత గ్రంథాలను ఒక గుడ్డలో చుట్టి, నాలుగు వేపాకులు వేసి, అటక మీదే పెడతారు. ఆరు నెలలకో ఏడాదికో తోటికోడలితో ఏదో మాట వచ్చి, ఫలానా వాక్యం ఏ పుస్తకంలో ఉందో చూడవలసి వచ్చినప్పుడు, నిచ్చెన వేసి దాన్ని కిందికి దించుతారు, చెదలు పట్టలేదు కదా అని ముందు అంచులు తిప్పి చూసుకుని.